ఖాళీ సీసాలో వెలుగు

"ఈ చీర దేంతో ఉతికావమ్మా?"

సామాన్ల గదిలోంచి వచ్చిన ఆ మాటకి సత్యవేదం ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని ఆగిపోయింది.

కెజియా విశాఖపట్నం నుంచి తిరిగొచ్చి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో కూతురు తనంతట తాను అడిగిన మొదటి మాట ఇది. అన్నం పెట్టనా అంటే తలూపింది. ఏమైందే అంటే తల తిప్పుకుంది. ఇవాళ బల్ల ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు; గుడికి ఇంకో గంటే ఉంది. ఇప్పుడేమో చీర సంగతి అడుగుతోంది.

"ఏం, మరక పోలేదా?"

"మరక కాదు. నువ్వొకసారి ఇలా రా."

ఆ గదికి కిటికీ లేదు. బియ్యం బస్తాలు, పాత ట్రంకు పెట్టె, విరిగిన కుర్చీ ఉన్నాయి. కెజియా ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కాలేజీ నుంచి తెచ్చిన మూరెడు పొడుగు యూవీ దీపం. ఎదురుగా తీగ మీద, ఇంకా ఇస్త్రీ కాని తల్లి తెల్లచీర.

"తలుపేసి, కింద సందులో ఆ గోనెసంచి పెట్టు."

సత్యవేదం పెట్టింది. గది చీకటైపోయింది. దీపం మీట నొక్కిన చప్పుడు వినిపించింది.

చీర వెలిగింది. చీకట్లో గోడలు లేవు, తీగ లేదు, చీరొక్కటే ఉంది. నీలంగా, అంచు కుట్టిన దారం పోగులు కూడా లెక్కపెట్టగలిగేటంతగా వెలుగుతోంది. దాని పక్కనే వేలాడుతున్న భర్త ఎలీయాజరు తెల్లచొక్కా కూడా అలాగే ఉంది.

"అబ్బ!" అంది సత్యవేదం. "ఎంత బావుందే! ఇదేనా నువ్వు కాలేజీలో రోజూ చూసే వెలుగు? మీ నాన్న చెబుతుంటే ఏమో అనుకున్నాను."

"ఇదేనమ్మా. సరిగ్గా ఇదే రంగు."

ఆ గొంతు విని సత్యవేదం చీర మీంచి చూపు తిప్పింది. కూతురి మొహం కనిపించలేదు. 

"దేంతో ఉతికావు?"

"తెల్లబట్టల పొడితోనే. కొట్లో పొట్లాలు కట్టి ఇస్తాడు చూడు, అది. సబ్బు తర్వాత ఆ నీళ్ళలో ఓ గంట నానబెడతాను. లేకపోతే మన పంపు నీళ్ళకి తెల్లబట్టలు పచ్చగా వచ్చేస్తాయి. ఎందుకే ఇవన్నీ?"

"ఆ పొడి మనింట్లోనే ఉంటుంది కదా. బయటికి ఎక్కడికీ వెళ్ళలేదు కదా?"

"బయటికెందుకు వెళుతుంది? మీ నాన్న పట్టుకెళతారంతే."

దీపం ఆరిపోయింది.

"ఎక్కడికి?"

"కాలేజీకి. నీ సీసాలకే. నీకు తెలీదూ? పోయినేడు వానాకాలం నుంచీ పట్టుకెళుతున్నారు. కాలేజీ స్టోరులో ఇచ్చే సబ్బు జిడ్డుగా ఉంటోందట. మా అమ్మాయి సీసాలు ఆ సబ్బుతో కడగనంటే కడగనన్నారు. రాత్రి పొడి నీళ్ళలో వేసి, పొద్దున్న తీసి తుడుస్తారు. తుడవడానికి నా పాత తెల్లచీర చింపి ఇచ్చాను. మెత్తగా ఉంటుందని."

  సత్యవేదం తలుపు తీసింది. వెలుతురు పడేసరికి కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుని కనిపించింది.

---

కెజియా పని ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అదే కాలేజీలో గాజుసామాను కడిగే అటెండరు ఎలీయాజరు దాన్ని వీధి వీధంతా చెప్పాడు. రెండు మందులుంటాయి. విడివిడిగా ఉంటే వాటిలో వెలుగుండదు. రాగి ఉప్పు ఇసుమంత వేస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అలా కలిసి పుట్టిన కొత్త పదార్థం దీపం కింద నీలంగా వెలుగుతుంది. ఎంత వెలిగితే అంత కలిసినట్టు. సీసా మూత తియ్యక్కర్లేదు, లోపల పని ఎంతవరకు వచ్చిందో బయటి నుంచే చూసి చెప్పెయ్యొచ్చు. రాగికి ఏది తోడు వేస్తే పని తొందరగా అవుతుంది, ఎంత తక్కువ రాగితో అవుతుంది అని వెతకడమే కెజియా నాలుగున్నరేళ్ళ పీహెచ్‌డీ.

పోయినేడు శ్రావణంలో ఒక వింత జరిగింది. రాగి సగం చేసినా వెలుగు తగ్గలేదు. అందులో సగం చేసినా తగ్గలేదు. వందో వంతుకి దింపితే, ఆ ఏడో నంబరు సీసా కూడా వెలుగుతూనే ఉంది. గైడు నాగేశ్వరరావు గారు ఆ రోజు స్వీట్లు తెప్పించారు. థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఆ ఏడో సీసాయే.

వైవాకి రాబోయే పరీక్షకుడు ఒకే ఒక్క కోరిక కోరాడు. ఆ కొత్త పదార్థాన్ని ఒక్క గ్రాము విడిగా తీసి చూపించమన్నాడు. దానికే కెజియా విశాఖపట్నం వెళ్ళింది. అక్కడి గాజుసామాను కొత్తది. రెండు రోజులు చేసింది. ఏమీ పుట్టలేదు. వేసిన మందులు వేసినట్టే మిగిలాయి. దీపం కింద పెడితే చీకటి.

రాగి అంత తక్కువైతే పని జరగదు. ఎన్నడూ జరగలేదు. మరి ఇక్కడ వెలిగిందేమిటో మూడు రోజులుగా ఆమెకి అర్థం కాలేదు. నిన్న సాయంత్రం ఇంట్లో దీపం సర్దుతూ పొరపాటున మీట నొక్కితే, ఆరేసిన చొక్కా మూల మెరిసింది.

---

"అయితే ఏంటంటావే?" సత్యవేదం గొంతు తగ్గించి అడిగింది. పెరట్లో ఎలీయాజరు గడ్డం గీసుకుంటూ పాటల పుస్తకంలోని పాట కూనిరాగం తీస్తున్నాడు.

"ఏడో సీసా వెలిగింది నా మందుల వల్ల కాదమ్మా. నీ బట్టల పొడి వల్ల."

సత్యవేదం ఇస్త్రీ చేస్తున్న చొక్కా వైపు చూసింది. అది ఎలీయాజరు ఇవాళ వేసుకోవలసింది.

"ఆయన తప్పేనంటావా?"

"నాన్న తప్పని నేనన్నానా?"

"అనకపోతే మూడు రోజులు ముంగిలా ఎందుకు కూర్చున్నావు? ఇప్పుడింత ఏడుపెందుకు? ఆ మనిషి నీ కోసం..."

"నా కోసమేనని తెలుసు! తెలుసు కాబట్టే ఏడుస్తున్నాను. రాగి వెయ్యకుండా ఒక సీసా పెట్టి చూడాలి. ప్రతిసారీ చూడాలి. అది వెలగకపోతేనే మిగతావి నమ్మాలి. మొదటి ఏడాది చూశాను, కొత్త సీసాల్లో. తర్వాత మందు తక్కువుంది, దండగ చెయ్యకు అన్నారు సార్. నేనూ సరేనన్నాను. ఆ ఒక్క సీసా పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది."

"అయితే నీ తప్పూ సార్ తప్పూ అన్నమాట. మీ నాన్న మాటెందుకిక? ఆయనతో అనకు."

"అనకుండా ఎలా? ఇవాళ గుడిలో అందరి ముందూ ఆయన నా పుస్తకం గురించి సాక్ష్యం చెబుతారు కదా."

"చెబుతారు. ఆర్నెల్ల నుంచి ఆ రోజు కోసం చూస్తున్నారు. పాస్టరు అయ్యగారికి పేరిచ్చి వచ్చారు. కృతజ్ఞత కానుక కవరు దిండు కింద పెట్టుకున్నారు. ఈ నెలాఖరుకి రిటైరైపోతారు, ఇంకా పంతొమ్మిది రోజులే. ఏం చెప్పను? సాక్ష్యం చెప్పకండి, మీరు కడిగిన సీసాలు పనికిరాకుండా పోయాయి అని చెప్పనా?"

"వద్దను. ఏదో ఒకటి చెప్పి ఆపు."

"నేనాపను. చేతనైతే నువ్వాపు."

"అమ్మా!"

"ఆ గుడ్డ నాది. చింపి ఇచ్చింది నేను," అంది సత్యవేదం. "నన్నెందుకు అనవు? నన్నను."

వీధి గుమ్మంలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. సత్యవేదం తమ్ముడు ఏసోబు, కొల్లేటి లంక నుంచి మొదటి బస్సుకి వచ్చి, ఎవరిదో సైకిలు అడిగి తెచ్చుకున్నట్టున్నాడు. హ్యాండిల్‌కి తడిబుట్ట వేలాడుతోంది.

"అక్కా, కొర్రమీనులు. బతికున్నాయి, నీళ్ళలో వెయ్యి. సర్కారు చేపల చెరువులు కొట్టేశాక ఇలాంటివి మళ్ళీ సరస్సులోనే దొరుకుతున్నాయి. ఏమ్మా కోడలా, మొహం అలా ఉందేంటి? పరీక్ష దగ్గర పడిందనా?"

"ఏం లేదు మావయ్యా."

"రాగి తగ్గించి పని చేయించడానికి నాలుగున్నరేళ్ళా? మా రొయ్యలకి మేత తగ్గించి బరువు పెంచే మందేదైనా కనిపెట్టు తల్లీ, మా ఊరంతా నీ ఫొటో పెట్టుకుంటాం."

ఎలీయాజరు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "బావమరిదిగారు అప్పుడే ఎగతాళి మొదలెట్టారా? రండి. సత్యవేదం, చొక్కా అయిందా?"

సత్యవేదం చొక్కా అందించింది. ఆయన వేసుకుని, కాలరు సర్దుకుని, కూతురి ముందు నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా?"

కెజియా ఆ చొక్కా వైపు చూడలేకపోయింది.

"తెల్లగా ఉంది నాన్నా," అంది.

---

గుడిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాయి. అయ్యగారు పేరు పిలిచారు.

ఎలీయాజరు లేచాడు. చేతిలో థీసిస్ పుస్తకం. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. దాన్ని పాపాయమ్మ గారి పాత చీర ముక్కలో చుట్టి తెచ్చాడు. పాపాయమ్మ ఆయన తల్లి. చనిపోయి పదేళ్ళవుతోంది.

"స్తోత్రమండి అందరికీ. నాకు మాట్లాడ్డం రాదండి. కడగడం వచ్చు."

అందరూ నవ్వారు. ఏసోబు అందరికంటే గట్టిగా నవ్వాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు కడిగానండి. తాడేపల్లిగూడెం కాలేజీలో చదివి పెద్దపెద్ద ఉద్యోగాలకి వెళ్ళిన పిల్లలందరూ నేను కడిగిన గాజుసామానులోనే చదివారండి. ఎవరికీ తెలీదు, తెలియక్కర్లేదు కూడా. సీసా శుభ్రంగా ఉంటే దాన్ని ఎవరు కడిగారని ఎవరూ అడగరండి. మురికిగా ఉంటేనే అడుగుతారు."

మళ్ళీ నవ్వులు. కెజియా చాప అంచున పోగులు లాగుతోంది.

"అయితే మా అమ్మాయి అలా ఊరుకోలేదండి. ఈ పుస్తకంలో మొదటి పేజీలో రాసింది. ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగులో చెబుతాను." కళ్ళజోడు సర్దుకున్నాడు. వేలు కాగితం మీద కదిలింది. "నా సీసాలు కడిగిన మా నాన్న చేతులకి."

 ఆడవాళ్ళ వైపు నుంచి "స్తోత్రం" అని ఎవరో మెల్లిగా అన్నారు.

"నేను చేసింది ఏమీ లేదండి. మనం గుడికి వేసుకొచ్చే బట్టలు ఎంత శ్రద్ధగా ఉతుక్కుంటామో, ఆ పొడితోనే, అంత శ్రద్ధగా ఆ సీసాలు కడిగానండి. అంతే."

సత్యవేదం తల దించుకుంది.

ఎలీయాజరు అది చూశాడు. ఆమె వైపు నుంచి కూతురి వైపు చూశాడు. కెజియా అప్పటికే లేచి, చెప్పులు వెతుక్కుంటోంది. గుమ్మం దగ్గర వాటిని వేసుకోకుండానే చేతిలో పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆయన ఇంకా ఏదో చెప్పాలనుకుని వచ్చాడు. చెప్పలేదు. పుస్తకం మళ్ళీ గుడ్డలో చుట్టి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం కొర్రమీను పులుసు ఎవరికీ సహించలేదు, ఏసోబుకి తప్ప. ఎలీయాజరు కూతుర్ని ఏమీ అడగలేదు. ఒకసారి సామాన్ల గదిలోకి వెళ్ళాడు. తీగ మీద చీర అలాగే ఉంది. దీపం ట్రంకు పెట్టె మీద ఉంది. తలుపు కింద గోనెసంచి. చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికొచ్చి, "పొడి పొట్లం ఎక్కడుంది?" అని భార్యని అడిగాడు. 

---

సోమవారం కెజియా స్టేషనుకి వచ్చేసరికి తండ్రి అంతకు ముందు పాసింజరుకే వెళ్ళిపోయాడని తెలిసింది. ఇన్నేళ్ళలో ఇద్దరూ వేరువేరు బళ్ళలో వెళ్ళడం ఇదే మొదలు. బండి భీమడోలు దాటింది, పూళ్ళ దాటింది. కిటికీ పక్కన ఆయన కూర్చునే చోట ఎవరో మల్లెపూల గంప పెట్టారు. సంచిలో ఆమె రాత్రి పడుకోబోయే ముందు రాసుకున్న కాగితం ఉంది.

నాగేశ్వరరావు గారు గది తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. ఆయనకి వైజాగ్ సంగతి ఫోనులో ముందే తెలిసింది. పొడి సంగతి ఇప్పుడు విన్నారు. విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బట్టల పొడి," అన్నారు. "ఈ వయసులో ఇంకా ఏం నేర్చుకోవాలో చూడు."

ఆయన చెడ్డవాడు కాదు. సొంత డబ్బుతో ఆమెకి రసాయనాలు తెప్పించిన మనిషి. అదే కెజియాకి ఎక్కువ బాధగా ఉంది.

"నీ రిజిస్ట్రేషను డిసెంబరుతో ఐపోతుంది. మూడో అధ్యాయం వెనక్కి తీసుకుంటే ఎందుకని అడుగుతారు. పరిశోధించిన మనిషిది తప్పయితే అంతే సంగతులు. మళ్ళీ మొదటి నుంచి. ప్రయోగశాల సిబ్బంది పొరపాటైతే ఆర్నెల్లు గడువిస్తారు. రూలు ఉంది, ఇందాకే చూశాను."

ఆయన అప్పటికప్పుడు కంప్యూటరు దగ్గర కూర్చుని టైపు చేసి, కాగితం తీసి ఇచ్చారు. కెజియా చదివింది. అటెండరు ఎలీయాజరు నిర్లక్ష్యంగా, సూచనలకి విరుద్ధంగా, ఇంట్లో వాడే పొడితో గాజుసామాను కడగడం వల్ల ఫలితాలు చెడిపోయినవి. కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

"ఇది వెళితే నాన్నకి ఏమవుతుందండీ?"

"మెమో ఇస్తారు. ఎంక్వయిరీ వేస్తారు. అది తేలేవరకు రిటైర్మెంటు కాగితాలు కదలవు. తేలుతుందిలే. ఓ ఏడాది."

"నెలాఖరుకి సన్మానం పెట్టారు సార్."

"అది ఉండదు."

ఫ్యాను తిరుగుతోంది. కింద కాలవ గట్టు మీద ఎవరో ట్రాక్టరు స్టార్టు చేసుకుంటున్నారు.

"అబద్ధం ఏమీ రాయలేదమ్మా. ఆయన వాడాడు కదా."

"వాడారు సార్. వాడొద్దని ఆయనకి ఎవరం చెప్పాం? సూచనలంటూ రాశారు, ఏ సూచన?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు.

"రాగి లేని సీసా పెట్టొద్దని..."

"నేనే అన్నాను," అన్నారు నాగేశ్వరరావు గారు. "అదీ రాయమంటావా? రాస్తాను. రాస్తే నీ కాగితం ఏ గైడు పేరుతో వెళుతుందో అది నువ్వే ఆలోచించు."

కెజియా సంచిలోంచి తన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అందులో నాలుగే వాక్యాలు, చివరి రెండూ ఇవి. రాగి లేని సీసాతో సరిచూడకపోవడం నా తప్పు. మూడో అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాను.

ఆయన చదివారు. కాగితాన్ని వేలితో ఆమె వైపే తోశారు.

"రెండూ పట్టుకెళ్ళు. నువ్వు మా అమ్మాయివైతే ఏది తెమ్మంటానో నీకు తెలుసు. పన్నెండింటికి ఒక్కటే తీసుకురా. సంతకం చేసి."

---

గాజుసామాను కడిగే గది మెట్ల కింద ఉంటుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. కెజియా తోసింది.

కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. ఎలీయాజరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నిన్న ఇంట్లో ఉన్న యూవీ దీపం. సంచిలో పెట్టుకుని తెచ్చినట్టున్నాడు. దీపం కింద ఆరు సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని ముందు ఒక్కో చీటీ.

"రామ్మా," అన్నాడు తల తిప్పకుండా. "తలుపెయ్యి. వెలుతురొస్తుంది."

ఆమె వేసింది.

"మొదటిది పొడితో కడిగి, మీ అమ్మ చీర గుడ్డతో తుడిచాను. రెండోది పొడితో కడిగి తుడవలేదు. మూడోది ఉత్త నీళ్ళతో కడిగి గుడ్డతో తుడిచాను. నాలుగోది కాలేజీ సబ్బుతో. అయిదోది పొడితో కడిగాకే, మళ్ళీ పన్నెండు సార్లు నీళ్ళతో కడిగాను. ఆరోది కొత్తది, డబ్బాలోంచి తీసింది."

మొదటి సీసా నీలంగా వెలుగుతోంది. రెండోది కొంచెం తక్కువగా. మూడోదాంట్లో పోగు ఒకటి సన్నగా మెరుస్తోంది. మిగతా మూడూ చీకటిగా ఉన్నాయి.

"ఇవన్నీ ఖాళీ సీసాలే అమ్మా. వీటిలో ఏ మందూ లేదు. మరి ఇదెందుకు వెలుగుతోంది?"

కెజియా గోడకి ఆనుకుంది.

"నాన్నా..."

"నిన్న గుడిలో మీ అమ్మ తల దించుకుంది. నేను పొడి మాటన్నప్పుడే దించుకుంది. నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ గదిలో ఉన్నాను కదా, ఆ మాత్రం తెలీదా? పై గదుల్లో మీరు చేసేది కూడా ఇదేగా. ఒక్కొక్కటీ విడదీసి చూడ్డం." ఆయన మొదటి సీసాని చూపుడువేలితో ముట్టుకున్నాడు. "మూడు సార్లే కడిగేవాణ్ణమ్మా పొడి పోవడానికి. పన్నెండు సార్లు కడగాలని తెలీలేదు. తెలిస్తే కడిగేవాణ్ణి. ఎన్నిసార్లంటే అన్నిసార్లు కడిగేవాణ్ణి."

"మీ తప్పు కాదు నాన్నా. నేను ఒక్క సీసా ఖాళీగా పెట్టి చూసుండాల్సింది. ఇదిగో ఇప్పుడు మీరు పెట్టారే, ఇలా."

"నీ చేతిలో ఏంటవి?"

దాచేలోపే ఆయన చెయ్యి చాచాడు. ఆ చేతికి కాదని చెప్పడం ఆమెకి రాదు. చీకట్లో దీపం వెలుగుకే కాగితాలు పట్టుకుని, కళ్ళజోడు ఎత్తిపెట్టుకుని, ఒక్కో ఇంగ్లీషు మాటా పెదాలతో పలుక్కుంటూ చదివాడు. కాగితాలు కూడా వెలుగుతున్నాయి. ముందు కూతురు రాసింది చదివాడు. మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత టైపు చేసింది చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇది వెళితే నీకు గడువిస్తారా?"

ఆమె చూపు సీసాల మీదికి తిప్పుకుంది.

"ఇస్తారన్నమాట." తలూపాడు. "నాగేశ్వరరావు గారు బాగా రాస్తారు. ఉన్నదే రాశారు. పొడి వాడాను, నిజం. ఇంట్లోదే, నిజం."

"సూచనలకి విరుద్ధంగా అన్నారు. అది నిజం కాదు."

"అది పోనీలే. ఎవరూ చెప్పలేదని ఇప్పుడు తగవెందుకు?" ఆయన వేలు ఇంకో చోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. "ఈ ఒక్కటి మాత్రం తీసెయ్యమనమ్మా."

"ఏది?"

"నిర్లక్ష్యంగా అని ఉంది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "మెమో ఇవ్వమను. సన్మానం వద్దను. ఎంక్వయిరీ వేసుకోమను, వచ్చి నిలబడతాను. నీ పుస్తకం మొదటి పేజీలో నా మాట తీసెయ్యి, అది కూడా ఫరవాలేదు. నిర్లక్ష్యంగా మాత్రం కడగలేదమ్మా. ఒక్క సీసా కూడా."

కెజియా ఆయన భుజం మీద తల పెట్టింది. తెల్లచొక్కా దీపం వెలుగులో నీలంగా ఉంది. ఇంటి పొడి వాసన.

 ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. టైపు చేసిన కాగితం మీద ఆ ఒక్క మాటనీ తనే కొట్టేశాడు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కొట్టేశాడు. పక్కన చిన్నగా తన సంతకం పెట్టాడు. తర్వాత పెన్ను తిప్పి ఆమెకి అందించాడు.

"కింద నీది పెట్టు. టైమవుతోంది."

ఆమె చెయ్యి చాచలేదు. ఆయన జేబులోంచి ఆమె రాసిన కాగితం అంచు వెలుగుతూ పైకి కనిపిస్తోంది.

మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. ఆ చెప్పుల చప్పుడు ఇద్దరికీ తెలిసిందే.

"పెట్టమ్మా," అన్నాడు ఎలీయాజరు.

తలుపు తోసిన వెలుతురుకి ఆరు సీసాలూ ఒకేలా కనిపించాయి. నాగేశ్వరరావు గారు గుమ్మంలో నిలబడి ముందు సీసాల వైపు, తర్వాత చీటీల వైపు, ఆ తర్వాత ఎలీయాజరు చాచి పట్టుకున్న, కెజియా ఇంకా అందుకోని ఆ పెన్ను వైపు చూశారు.